పేరు అనే గడిలో

మీటింగు మూడున్నరకి.
ఎజెండాలో ఆరో అంశం:
"పౌరసేవల దరఖాస్తులు బహుభాషల్లో అవసరమా, కాదా?"
మొదటి ఐదూ చెత్తబండ్ల మీదే పోయాయి.
ఆరోదానికి వచ్చేసరికి టీ చల్లారింది.
కిటికీ ఊచల మీద సముద్రం
తన తుప్పు తను రాసుకుంటోంది.

సన్యాసినాయుడు గారు ముందే లేచారు.
"తెలుగుకే దిక్కులేదండీ ఈ ఆఫీసులో!
జీవో ఇంగ్లీషు, సంతకం ఇంగ్లీషు,
ఇప్పుడు ఒడియా, హిందీ, బెంగాలీ...
రేపు రేవులోకొచ్చిన ఓడకల్లా ఒక ఫారం అచ్చేద్దామా?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆయన మాటలో సగం నా మాటే.

కంప్యూటర్ సెక్షన్ హైమ చెయ్యెత్తింది.
"జ్ఞానాపురం బైధర్ సాహు
పన్నెండేళ్ళుగా ఇంటిపన్ను కడుతున్నాడు సార్.
నోటీసొస్తే పక్కింటి పిల్లాడు చదివి పెట్టాలి."
"నేర్చుకోమనండి" అన్నారెవరో.
"నేర్చుకున్నాడు సార్, బేరాలాడతాడు, తిడతాడు.
మన నోటీసు మాట్లాడే తెలుగు కాదు కదా."

అక్కడ నాకు నూకరత్నం గుర్తొచ్చింది.
జాలరిపేట. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు.
ఫారం అటూ ఇటూ తిప్పి,
"పైన పేర్కొనబడిన మృతుని యొక్క... అంటే ఎవలు బావూ?"
"మీ ఆయనమ్మా."
"మరలాగే రాయొచ్చు కదేటి" అంది.
ఏడవలేదు. కోపమొచ్చిందంతే.

నా వంతు వచ్చింది. "చెప్పడానికేం లేదండి" అన్నాను.
ఉంది.

పందొమ్మిదేళ్ళ కిందట
పెద్దాసుపత్రి వరండాలో జననాల రిజిస్టరు నాది.
కొండ దిగొచ్చిన బాలింత, కువి తప్ప మరో మాట రాదు.
తోడొచ్చిన ముసలాయన టీకి వెళ్ళాడు.
"బిడ్డ పేరు?" అన్నాను.
మళ్ళీ అన్నాను, గొంతు పెంచి,
గొంతు పెంచితే తెలుగు అర్థమైపోతుందన్నట్టు.
ఆమె ఏదో అంది. రెండక్షరాల మాట.
రాసుకున్నాను, గుండ్రంగా, నా మంచి దస్తూరీతో.
వెనకాల ఇంకా నలభైమంది.

మొన్న నాలుగో కిటికీ దగ్గర ఒక కుర్రాడు.
ఇంటిపేరు గెమ్మెలి. పేరు, ఆ రెండక్షరాలు.
"పేరు మార్పా?"
"కాదు సార్. కాలేజీకి నకలు కావాలి."
ఊరికే అడిగాను, ఈ పేరుకి అర్థమేంటని.
"ఇంకా పెట్టలేదు."
"ఏది?"
"అదే సార్ అర్థం. ఇంకా పెట్టలేదు, అని.
ఆ రోజు మా అమ్మ చెప్పిందట. ఎవరో రాసేశారు."
నవ్వుతూనే చెప్పాడు. చాలాసార్లు చెప్పి అరిగిపోయిన నవ్వు.

రాసింది నేనని చెప్పలేదు.
ఫీజు తీసుకున్నాను, చిల్లరిచ్చాను.
"మీ భాషలో ఫారం ఉంటే..." అని మొదలెట్టాను.
"ఏ లిపిలో అచ్చేసినా మా అమ్మ చదవలేదు సార్.
మీ పక్కన ఒక మనిషి కూచుంటే చాలు.
తొందర లేదు, మళ్ళీ చెప్పు, అనే మనిషి."
వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి,
"ఇందులో రాసిందీ తప్పే సార్.
మధ్యలో గొంతు టక్కున ఆగుతుంది.
ఆ ఆగుడికి మీకు అక్షరం లేదు."

సన్యాసినాయుడు గారూ,
మీరన్నది నిజమే, తెలుగుకి దిక్కులేదు.
అందుకే అడుగుతున్నాను,
దిక్కులేకపోవడమంటే తెలిసినవాళ్ళం కదా మనం.
ఇదీ మీటింగులో అనలేదు.
మినిట్స్‌లో ఒక్క ముక్క రాశారు:
"అంశం ఆరు, చర్చించడమైనది. వాయిదా."

సాయంత్రం గోపాలపట్నం బస్సులో నిలబడి
ఆ మాట పలకబోయాను,
సరిగ్గా ఆ చోట గొంతు ఆపుతూ.
మూడోసారికి కండక్టరు వంగి
"ఏటంటన్నారు? ఎక్కడికి?" అన్నాడు.